వెలుగును కొలిచే పెట్టెతో గడ్డపోతారం దాకా

పటాన్‌చెరు వైపు వెళ్ళి వచ్చానంటే మా అనకాపల్లిలో ప్రతివాళ్ళూ అడిగింది ఒకటే, అక్కడ చూడ్డానికి ఏముందని. కోటలు లేవు, జలపాతాలు లేవు, కొనుక్కోవడానికి పట్టుచీరలు లేవు. ఫ్యాక్టరీలు ఉన్నాయి, లారీలు ఉన్నాయి, ఆషాఢంలో వెళితే చెప్పులు ఊడబెరికే బురద ఉంది. అయినా సరే, ఇంత సంబరంగా నేను ఏ ఊరికీ వెళ్ళలేదు, తిరుపతితో సహా. స్వామివారు క్షమించాలి.

నేను డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. ఏటా ఒక రోజు ఫెమ్టోసెకండ్ లేజర్ పాఠం వస్తుంది. ఒక సెకండ్‌ని కోటి ముక్కలు చేసి, అందులో ఒక ముక్కను మళ్ళీ పది కోట్ల ముక్కలు చేస్తే వచ్చేది ఫెమ్టోసెకండ్. అలాంటివి ఓ రెండొందల యాభై కలిస్తే ఎంతసేపో అంతసేపే వెలిగి ఆరిపోయే లేజర్లు ఇప్పుడు మామూలు వర్క్‌షాపుల్లో కూడా పని చేస్తున్నాయి. వెలుగు అంతసేపట్లో నడిచే దూరం ఒక తల వెంట్రుక మందం. ఇదంతా నేను బోర్డు మీద రాసి చూపించి, పిల్లలు ఆవలిస్తుంటే కోప్పడి, ఇంటికొచ్చి పప్పు వండుకునేదాన్ని. ఒక్కసారైనా అలాంటి మెరుపును నేను చూసిందీ లేదు, కొలిచిందీ లేదు.

కొలవడం కూడా తమాషాగా ఉంటుంది. అంత వేగంగా తిరిగే గడియారం లోకంలో ఎక్కడా లేదు. ముల్లును ముల్లుతోనే తీయాలన్నట్టు, మెరుపును మెరుపుతోనే కొలవాలి. దాన్ని రెండుగా చీల్చి, ఒక సగాన్ని కాస్త ఎక్కువ దూరం నడిపించి, మళ్ళీ రెండింటినీ ఒకచోట కలపాలి. రెండూ ఒకదానిమీద ఒకటి పడితే దెబ్బ గట్టిగా తగులుతుంది, తప్పిపోతే మెత్తగా తగులుతుంది. ఎంత దూరం జరిపితే తప్పిపోయాయో చూసుకుంటే మెరుపు పొడుగు తెలిసిపోతుంది. అంతే. ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు.

ఏమీ లేదు కదా అని నేనే ఒక పెట్టె చేసేశాను. అద్దాన్ని ముందుకీ వెనక్కీ ఊపడానికి పాత టేప్‌రికార్డర్ స్పీకరు తీసి, దాని అట్ట మీద బొట్టుబిళ్ళంత అద్దం అంటించాను. మెరుపుల్ని చూసే కన్నుగా ఎర్ర ఎల్‌ఈడీ బల్బు పెట్టాను. అవునండీ, బల్బే. దాన్ని మనం వెలిగించకుండా దానిమీదే లేజర్ పడేలా చేస్తే, వెలుగు కణాలు రెండేసి చొప్పున కలిసి కొట్టినప్పుడే కరెంటు ఇస్తుంది. ఆ కరెంటు బొమ్మగా కనబడటానికి చిన్న తెర. మొత్తం చెక్కపెట్టెలో ఇమిడింది. పెట్టె తయారైంది గానీ దానితో కొలవడానికి లేజర్ మాత్రం లేదు. పెద్ద పెద్ద చోట్ల అడిగాను, ఒక్కరూ పలకలేదు.

అలాంటప్పుడు ఒక ఆన్‌లైన్ శిక్షణ తరగతిలో సలోమీ తగిలింది. గడ్డపోతారంలో ఆమెకు చిన్న షెడ్డు ఉంది. విదేశం నుంచి వచ్చిన సెకండ్ హ్యాండ్ ఫెమ్టోసెకండ్ లేజర్‌తో పల్చటి ఉక్కు రేకులకు చిల్లులు పెడతారు. ఆయాసం ఉన్నవాళ్ళు మందు పీల్చే యంత్రంలో ఆ రేకే జల్లెడ. మూడు నెలలుగా చిల్లుల అంచులు మాడుతున్నాయి. కొనే కంపెనీ ఒక్కటే. సోమవారం తెచ్చే రేకులు కూడా మాడితే పని వేరేవాళ్ళకు ఇచ్చేస్తామని వాళ్ళు చెప్పేశారు. ఇచ్చేస్తే షెడ్డు మూతే, అందులో పనిచేసే ఆడవాళ్ళంతా ఇంటికే. లేజర్ అమ్మిన కంపెనీ ఇంజినీరు నెల దాటితే గానీ రాడు. ఆమె ఫోన్లో నాతో అన్న మాట ఇప్పటికీ చెవిలో ఉంది.

“మేడం, మా మెషీన్ మంచిగున్నదో లేదో నాకెరుక లేదు. మీ డబ్బా మంచిగున్నదో లేదో మీకెరుక లేదు. రెండు తెల్వనియి కలిస్తే ఒకటన్న తెలుస్తదా?”

తెలుస్తుంది అనేశాను. ఫోన్ పెట్టేశాక ఎలా తెలుస్తుందా అని నాకే చెమటలు పట్టాయి.

పటాన్‌చెరు: పుంజుతో పరిచయం

శనివారం పొద్దున పటాన్‌చెరులో దిగి ముందుగా చాయ్ తాగాను. మా వైపు టీ అంటే గ్లాసు నిండా ఉండాలి, కాస్త నీళ్ళగా ఉన్నా సర్దుకుంటాం. ఇక్కడ చిన్న కప్పులో చిక్కగా, తియ్యగా, రెండు గుక్కల్లో అయిపోయింది. పదిహేను రూపాయలు. అన్యాయం అనుకుంటూనే ఇంకోటి చెప్పాను. పక్కన ఫ్యాక్టరీ బ్యాడ్జీలు వేసుకున్న బీహారీ కుర్రాళ్ళు ఉస్మానియా బిస్కెట్లు చాయ్‌లో ముంచుకుని తింటున్నారు. వాళ్ళలో ఒకడు నేను బిస్కెట్ కొరుక్కుని తినడం చూసి తట్టుకోలేక, ముంచాలని చేత్తో చేసి చూపించాడు. ముంచాను. విరిగి అడుక్కి పోయింది. చెంచా అడిగితే కొట్టువాడు నవ్వాడే గానీ ఇవ్వలేదు.

అక్కణ్ణుంచి షేర్ ఆటో. మర్నాడు ఆ చుట్టుపక్కల బోనాలట. నా పక్కన కూర్చున్న పెద్దామె ఒళ్ళో ఎర్రటి కోడిపుంజు ఉంది, నా ఒళ్ళో పెట్టె ఉంది. పుంజు పెట్టెను అనుమానంగా చూసింది, ఆ తర్వాత దానిమీద రెట్ట వేసింది. పెద్దామె కొంగుతో తుడవబోతే వద్దన్నాను. కళ్ళు నెత్తినెక్కిన మనిషిని కాదని చూపించుకోవాలిగా. నేనే తుడుస్తుంటే మూత సందులోంచి ఆమెకు స్పీకరు కనబడింది. ఆ మాట ఆటో అంతా పాకింది. డ్రైవరు వెనక్కి తిరిగి ఒక పాట పెట్టమన్నాడు.

ఇది పాడే స్పీకరు కాదు, అద్దాన్ని ఊపే స్పీకరు అని చెప్పాను. ఊపితే ఏమొస్తుందని పెద్దామె అడిగింది. వెలుగు పొడుగెంతో తెలుస్తుందన్నాను. ఆమె పుంజును ఒళ్ళో సర్దుకుంది.

“పొద్దుగాల్నుంచి మాపటిదాంక. గంతే గద బిడ్డా.”

ఆటోలో అందరూ అదే కదా అన్నట్టు తలలూపారు. ఇరవయ్యేళ్ళుగా చెబుతున్న పాఠాన్ని నాకంటే పొట్టిగా చెప్పేసింది మహాతల్లి. నేనూ తలూపాను.

గడ్డపోతారం: మెషీన్‌కి జోల

గడ్డపోతారం రాబోతోందని బోర్డు కంటే ముందు ముక్కు చెబుతుంది. మందుల ఫ్యాక్టరీల వాసన. మురగబెట్టిన అరటిపండులో ఎవరో టించరు పోసినట్టుంటుంది. నేను చీర చెంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంటే సలోమీ పకపకా నవ్వి, రేపటికి అలవాటైపోతుందని అంది. అలవాటైంది కూడా.

సలోమీకి నలభై ఉంటాయేమో. గట్టి మనిషి, వేగంగా నడుస్తుంది, వేగంగా మాట్లాడుతుంది. సంగారెడ్డిలో బడిపంతులి కూతురు, భర్త కూడా బడిపంతులే. ఇద్దరు పంతుళ్ళ మధ్య ఇనుము మీద మోజు ఎలా పుట్టిందో తనకే తెలియదంది. షెడ్డులో ఒక మూల ఏసీ గది, అందులో బీరువాను పడుకోబెట్టినంత తెల్లటి పెట్టె. అదే లేజర్. ఇరవయ్యేళ్ళు బోర్డు మీద గీసినదాన్ని మొదటిసారి ఎదురుగా చూస్తున్నాను. చెయ్యి వేసి చూశాను. గోరువెచ్చగా ఉంది.

“మెల్లిగానండి,” అని వెనక నుంచి ఎవరో అన్నారు. ఆ “అండి” వినగానే ఇది మా కోస్తా గొంతే అని గుర్తుపట్టాను. ఆయన సుబ్బారావు గారు, షెడ్డులో సూపర్‌వైజరు. కాకినాడ పక్కనుంచి కుర్రతనంలో ఇక్కడి పెద్ద ప్రభుత్వ కర్మాగారంలో ఉద్యోగానికి వచ్చి, రిటైరై, ఇక్కడే ఇల్లు కట్టుకుని ఉండిపోయారు. ఉద్యోగమంతా లేతులు, బాయిలర్లు. ఇన్నేళ్ళ తెలంగాణ నీళ్ళు ఆయన యాసను వెంట్రుకంతైనా మార్చలేదు. నేను బాబాయ్ గారూ అనేశాను, ఆయన వెంటనే ఏ ఊరమ్మా అన్నారు. ఇద్దరం పనసపొట్టు కూర గురించి చాలాసేపు మాట్లాడుకున్నాం. సలోమీ మధ్యలో, పనసకాయను పొట్టు చేసుకుని తినే మనుషులుంటారా అని ఆశ్చర్యపోయింది.

ఆ రోజు లేజర్ పనిలో ఉంది కాబట్టి కొలవడం మర్నాడు, సెలవు రోజుకి పెట్టుకున్నాం. సాయంత్రం షెడ్డు మూసేముందు ఆయన ఒక పని చేశారు. లేజర్ పెట్టె పక్కన అంకెలు చెక్కిన ఒక నాబ్ ఉంది. మెరుపు పొడుగును మార్చేది అదే. దానిమీద ఎర్ర రంగుతో ఒక గుర్తు. మెషీన్ బిగించిన రోజు కంపెనీ ఇంజినీరు పెట్టింది. ఆయన ఆ గుర్తు నుంచి నాబ్‌ని నెమ్మదిగా వెనక్కి, చాలా చుట్లు తిప్పారు. ఎందుకని అడిగితే చెప్పారు, ఈ లేజర్‌ని పూర్తిగా ఆపరట, వెచ్చగా ఉంచాలట.

“రేపు సెలవు కదండీ. ఒత్తిడి మీద వదిలేసి మన దారిన మనం పోతే పాపం కదా దానికి. మెరుపు సాగదీసి సిమ్ములో పెడతానండి. మళ్ళీ పని మొదలెట్టేటప్పుడు గుర్తు మీదకి తెచ్చేస్తాను. ఎండాకాలంలో ఏసీ మొరాయించినప్పటినుంచీ శనివారం శనివారం ఇలాగే పడుకోబెడుతున్నాను.”

బాయిలర్లతో బతికిన మనిషి మరి. ఆ పడుకోబెట్టడం అన్న మాటకు నేను ముచ్చటపడిపోయాను.

కిష్టారెడ్డిపేట: జొన్న రొట్టెలు, ఒక భయం

సలోమీ వాళ్ళ ఫ్లాట్ కిష్టారెడ్డిపేటలో. చుట్టూ సగం కట్టిన అపార్ట్‌మెంట్లు, వాటి మధ్య ఇంకా మొండిగా మిగిలిన పొలం ముక్కలు. భోజనానికి ముందు తల వంచి ప్రార్థన చేశారు. నేను అప్పటికే ముద్ద నోట్లో పెట్టేసుకున్నాను. నమలాలా, ఆగాలా తెలియక బుగ్గలో పెట్టుకుని ఆమెన్ దాకా ఊపిరి బిగబట్టి కూర్చున్నాను. కళ్ళు తెరిచి సలోమీ చూసిన చూపుకి ఇద్దరం పొట్ట పట్టుకుని నవ్వాం.

జొన్న రొట్టె, పచ్చిపులుసు, వేయించిన ఎండు చేప. మా ఇంట్లో పులుసంటే పొయ్యి మీద మరగాల్సిందే. ఇక్కడ చింతపండు పిసికి, ఉల్లిపాయ కోసి వేసి, మిరపకాయ నలిపి, పొయ్యి ముఖం చూపించకుండానే పులుసు అంటారు. మొదటి గుక్కకి పళ్ళు జివ్వుమన్నాయి. మూడో గరిట నేనే వేసుకున్నాను.

గిన్నెలు సర్దుతూ సలోమీ మేడం మానేసి అక్కా అనడం మొదలుపెట్టింది. అప్పుడే భయం కూడా బయటపెట్టింది. రేపు నా పెట్టెలో వచ్చే బొమ్మ లావుగా ఉందే అనుకుందాం. లేజర్ లావైందా, పెట్టె అబద్ధం చెబుతోందా అని ఎవరు తేలుస్తారు? తప్పుడు మాట నమ్మి మెషీన్‌ని కెలికితే ఉన్నది కూడా పోతుంది కదా. దానికి నా దగ్గర జవాబు ఉంది. ఆటోలో పుంజును చూస్తూ, చాయ్ తాగుతూ, రైల్లో పడుకుని అదే వల్లించుకుంటూ వచ్చాను.

పెట్టె నిజం చెబుతుంటే తెర మీద సన్నటి పళ్ళున్న ఒక గోపురం కనబడాలి. మెరుపు సాగిపోతే పక్కల పళ్ళు మాయమవుతాయి, అది లేజర్ తప్పు. మెరుపులు రెండూ దూరంగా ఉన్నప్పటి ఎత్తు ఒకటి అనుకుంటే, పూర్తిగా కలిసినప్పటి ఎత్తు ఎనిమిది ఉండాలి. లేజర్ మంచిదైనా చెడ్డదైనా, పొట్టిదైనా పొడుగుదైనా ఎనిమిదే. గణితం మాట తప్పదు. ఏడు వచ్చిందంటే అద్దాలు సరిగా లేనట్టు. ఎనిమిది వస్తే పెట్టె మీద ఒట్టు వేయొచ్చు. పంటికీ పంటికీ మధ్య ఉండేది వెలుగు తాలూకు ఒక అల పొడుగు, కాబట్టి కొలబద్ద కూడా దానిలోనే ఉంటుంది. సలోమీ అంతా విని, ఎనిమిది, ఎనిమిది అని రెండుసార్లు అనుకుంది.

ఆదివారం: తీన్‌మార్

పొద్దున వాళ్ళతో పాటు చర్చికి వెళ్ళాను. చెప్పులు బయట విడిచి, చాప మీద కూర్చుని, డోలక్‌తో పాటలు పాడారు. మా ఊళ్ళో భజనకి నేను కునుకు తీస్తాను, ఇక్కడ కునుకు రానివ్వరు. సలోమీ ఏం చెప్పిందో గానీ, పాస్టరు గారు చివర్లో మా మెషీన్ కోసం, దూరం నుంచి వచ్చిన అక్క తెచ్చిన డబ్బా కోసం కూడా ప్రార్థన చేశారు. నేను చేసిన సామాను కోసం దేవుణ్ణి ఎవరైనా అడగడం అదే మొదలు. సిగ్గూ గర్వమూ రెండూ ముంచుకొచ్చాయి.

షెడ్డులో సుబ్బారావు గారు అప్పటికే కళ్ళజోడు సవరించుకుంటూ నాబ్‌ని ఎర్ర గుర్తు మీదకి తెచ్చిపెట్టారు. రక్షణ కళ్ళద్దాలు పెట్టుకుని, లేజర్ మెరుపుల్ని బాగా పల్చన చేసి పెట్టెలోకి వదిలాం. ఆ వెలుగు కంటికి కనబడదు. తెర మీద బొమ్మ వచ్చింది. గోపురం ఎత్తు కొలిచాను. అయిదు.

నా ప్రాణం ఉసూరుమంది. గడ్డపోతారం రోడ్డు గుంతల్లో ఏదో అద్దం పక్కకి జరిగి ఉంటుంది. స్క్రూడ్రైవర్‌తో వెంట్రుకవాసి తిప్పాను, ఆరు. ఇంకొంచెం తిప్పాను, ఆరున్నర. ఊపిరి బిగబట్టి ఇంకొంచెం తిప్పబోతుంటే గోపురం లేచి గంతులేసింది. పళ్ళన్నీ ఊగిపోయాయి. ఒక లయలో ఊగాయి. బయట డప్పులు, తీన్‌మార్. బోనాల ఊరేగింపు మా షెడ్డు ముందుకే వచ్చింది. స్పీకరు గాలి ఊపినా ఊగుతుంది కదా, దానిమీద నా బుల్లి అద్దం డప్పుకి తగ్గట్టు నాట్యం చేస్తోంది, తెర మీద వెలుగు దానితో పాటు చేస్తోంది.

ఇక పని సాగదు. ముగ్గురం బయటికి వెళ్ళి చూశాం. తల మీద బోనం కుండలు, వేపమండలు, పసుపు ముఖాలు, ముందు కొరడా ఆడిస్తూ పోతరాజు. మా వైపు అమ్మవారి జాతరలో ఘటాలెత్తుతారు గానీ ఇంత చిందు ఉండదు. పక్క షెడ్డు వాళ్ళావిడ మక్క గారెలు తెచ్చి చేతిలో పెట్టింది. మక్కలంటే మన మొక్కజొన్నే. నూనె చేతులతోనే నేను డప్పుకి రెండు అడుగులు వేశాను. చర్చి నుంచి వచ్చిన సలోమీ వేయనంది, కానీ నన్ను చూసి చప్పట్లు కొట్టింది. సుబ్బారావు గారు మాత్రం మెషీన్ అదిరిపోతోందని బెంగగా లోపలికీ బయటికీ తిరిగారు.

డప్పులు దూరమయ్యాక చేతులు కడుక్కుని మళ్ళీ కూర్చున్నాను. ఏడు. ఏడున్నర. ఎనిమిది.

నేను కేక పెట్టాను. కుర్చీలోంచి లేచి గిర్రున తిరిగాను కూడా. నేను చెక్కతో, జిగురుతో, టేప్‌రికార్డర్ ముక్కతో చేసిన పెట్టె నిజం చెబుతోంది. వెంట్రుక మందాన్ని దాటేలోపు అయిపోయే వెలుగు దానికి దొరికింది. ఇంతకంటే ఏం కావాలి మనిషికి? అప్పుడు బొమ్మను రెండోసారి చూశాను. గోపురం మధ్యలోనే పళ్ళున్నాయి. రెండు పక్కలా పళ్ళు లేని బోడి భుజాలు, వాచిపోయి ఉన్నాయి.

“అక్కా, మీ మొకం సంబురంగున్నది. నా మెషీన్ మంచిగున్నట్టేనా?”

ఆమె బతుకు గురించి అడుగుతుంటే నేను గిరగిరా తిరుగుతున్నాను.

“లేదు సలోమీ. పెట్టె నిజం చెబుతోందని నాకు సంతోషం. అది చెప్పే నిజం మాత్రం బాగాలేదు. మెరుపు మూడు రెట్లు సాగిపోయింది.”

పెనం మీద వేలు ఇలా తగిలించి అలా తీస్తే ఏమీ కాదు, కాసేపు ఉంచితే బొబ్బ లేస్తుంది. రేకుకి జరుగుతున్నది కూడా అదే. మెరుపు ఎక్కువసేపు ఉండి అంచులకు వేడి పాకుతోంది. నాబ్‌ని గుర్తు దాటి తిప్పి చూద్దామన్నాను. సుబ్బారావు గారు నాబ్‌కి అడ్డంగా నిలబడ్డారు.

“గుర్తు దాటి తిప్పడం నావల్ల కాదండి. కంపెనీవాడు పెట్టిన గుర్తది. స్పీకరు డబ్బా చెప్పిందని తిప్పేసి, రేపు పొద్దున ఇది మూలపడితే ఈ అమ్మాయికి ఏం సమాధానం చెప్పనండి?”

సలోమీ తెరను చూసింది, ఎర్ర గుర్తును చూసింది. ఎనిమిదే వచ్చిందా అని నన్ను మళ్ళీ అడిగింది. ఎనిమిదే అన్నాను.

“తిప్పుండ్రి అంకుల్. గుర్తు మీద పెట్టి మూడు నెలల సంది కాలవెట్టుకుంటనే ఉన్నం గద.”

ఆయన దేవుణ్ణి తలుచుకుని తిప్పారు. ఒక గీత, రెండు గీతలు. భుజాలు కరగడం మొదలైంది. ఇంకో రెండు గీతలకి బొమ్మ సన్నగా, నిటారుగా, నిండా పళ్ళతో నిలబడింది. రెండొందల అరవై ఫెమ్టోసెకండ్లు. ఆయన నమ్మలేక, మళ్ళీ గుర్తు మీదకి పెట్టి చూద్దామని నాబ్‌ని వెనక్కి తిప్పారు. నాబ్ తిరుగుతోంది, బొమ్మ కదలడం లేదు. గుర్తు దగ్గరికొచ్చేసింది. అయినా బొమ్మ సన్నగానే ఉంది.

ఆయన చెయ్యి ఆగిపోయింది. నాబ్‌ని ముందుకు కాస్త, వెనక్కి కాస్త ఆడించి చూశారు.

“స్క్రూలో ఆట ఉందండి. ఇటు నుంచి వస్తే ఒకచోట ఆగుతుంది, అటు నుంచి వస్తే ఇంకోచోట. లేత్ మీద ప్రతి కుర్రాడికీ ఇదే మొదటి పాఠం చెప్పేవాణ్ణి, ఎప్పుడూ ఒకే పక్క నుంచి రమ్మని. శనివారం శనివారం వెనక్కి తిప్పి పడుకోబెట్టి, తప్పు పక్క నుంచి గుర్తు మీదకి తెస్తున్నది నేనేనండి.”

ఎండాకాలంలో ఏసీ మొరాయించినప్పుడు ఆయన మొదలుపెట్టిన అలవాటు, ఎండాకాలంలోనే మొదలైన మాడడం. రెండింటినీ ఎవరూ కలిపి చూడలేదు. సలోమీ ఆయనకి మంచినీళ్ళ గ్లాసు అందించింది. మీరు అంత మంచిగ జోకొడితే అది నిద్రపోక ఏం చేస్తుందంకుల్ అని ఆటపట్టించింది. ఆయన నవ్వలేదు. చిత్తు రేకు మీద చిల్లు పెట్టి మైక్రోస్కోప్ కింద చూశాం. అంచు మాడలేదు. సాయంత్రం దాకా రేకులు చేశారు.

హత్నూర: తలవంచుకున్న మనిషి

కొనే కంపెనీ వాళ్ళ యూనిట్ హత్నూర వైపు ఉంది. సోమవారం దారంతా పత్తి మొలకలు, తడిసిన ఎర్రమట్టి. సలోమీ ఒళ్ళో రేకుల డబ్బా పెట్టుకుని ఒక్క మాటా మాట్లాడలేదు, నాకు మాత్రం నోరు మూతపడలేదు. భయమేస్తే నేను వాగుతాను. మిర్చి బజ్జీలు కొన్నాను, నేనే తిన్నాను. మా బజ్జీలో వాము ఉంటుంది, ఇక్కడ కడుపులో చింతపండు పెడతారు. అది కూడా ఆమెకు చెప్పాను. ఆమె వినలేదు.

పరీక్షించే ఆవిడ పూనా నుంచి వచ్చింది, హిందీలోనే మాట్లాడుతుంది. ఒక్కో రేకునూ మైక్రోస్కోప్ కింద పెట్టి తలవంచుకుని చూస్తోంది. చూస్తూనే ఉంది. మొదటిది పక్కన పెట్టింది. రెండోది పక్కన పెట్టింది. మంచివాటి పక్కనా, చెడ్డవాటి పక్కనా, ఏమీ తెలియడం లేదు. సలోమీ నా చెయ్యి పట్టుకుంది. గాజులు గుచ్చుకున్నా నేను తీయలేదు. అన్నీ అయిపోయాక ఆవిడ తలెత్తి, కొత్త మెషీన్ కొన్నారా అని అడిగింది.

“పాతదే మేడం. జెర నిద్ర లేపినం,” అంది సలోమీ. తెలుగులో అన్నట్టు తనకే తెలియలేదు. ఆవిడకి అర్థం కాకపోయినా నవ్వి, కాగితం మీద సంతకం పెట్టింది. బయటికొచ్చి మేమిద్దరం ఆ కంపెనీ గేటు ముందే ఒకళ్ళనొకళ్ళం వాటేసుకుని ఏడ్చాం, నవ్వాం. వాచ్‌మన్ ఎవరైనా పోయారా అని అడిగాడు.

మళ్ళీ పటాన్‌చెరు

నన్ను బస్సెక్కించడానికి సుబ్బారావు గారు స్కూటర్ మీద తీసుకొచ్చారు. నా పనసపొట్టు కబుర్లకి కూడా పలకలేదు. బస్టాండులో స్కూటర్ స్టాండు వేసి, హెల్మెట్ చేతుల్లో పట్టుకుని నిలబడ్డారు.

“ఒక్క మాట నిజం చెప్పమ్మా. మూడు నెలలు దానికి నావల్ల దెబ్బేమైనా తగిలిందంటావా?”

రేకులు పాస్ అయ్యాయి, షెడ్డు నిలబడింది, ఆడవాళ్ళ పని నిలబడింది. ఈయన మాత్రం మెషీన్‌కి నొప్పెట్టిందేమోనని కుమిలిపోతున్నారు. లేదు బాబాయ్ గారూ, వెలుగు సాగిందంతే, లోపల ఏదీ విరగలేదు, ఏదీ కాలలేదు అని చెప్పాను. కళ్ళు తుడుచుకున్నారు. కానీ శనివారం సాయంత్రమైతే తన చెయ్యి ఊరుకోదని, ఏం చేయాలో తెలియడం లేదని అన్నారు.

పెట్టె నా ఒళ్ళోనే ఉంది. దాన్ని మా కాలేజీకి తీసుకెళ్ళి, ప్రిన్సిపాల్ గారి బల్ల మీద పెట్టి, ఎనిమిది వచ్చిందని గొప్పలు పోవాలని రైలెక్కినప్పటినుంచీ కలలు కంటున్నాను. దానిమీద నాకు ప్రాణం. అయినా బస్సు వచ్చేసరికి అది ఆయన చేతుల్లో ఉంది. శనివారం సాయంత్రం పడుకోబెట్టొద్దు, కొలవండి, ముందు ఎనిమిది వచ్చిందో లేదో చూసుకోండి అని కిటికీలోంచి అరిచి చెప్పాను. బస్సు కదిలాక చేతులు ఖాళీగా ఉండి ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. దారంతా నాలో నేనే నవ్వుకుంటూ వచ్చాను. పక్క సీటాయన కాస్త జరిగి కూర్చున్నాడు.

శనివారం సాయంత్రం వంటింట్లో పప్పు తాలింపు వేస్తుంటే ఫోన్ మోగింది. సుబ్బారావు గారు.

“ఎనిమిది నిక్కచ్చిగా వచ్చిందమ్మా. వెలుగు రెండొందల అరవై. గుర్తు జోలికి పోలేదు, నాబ్ ముట్టుకోలేదు.” అవతల తాళాలు గలగలలాడాయి. “మరి నేనింక ఇంటికెళ్ళి పడుకోవచ్చా?”

వెళ్ళి పడుకోండి బాబాయ్ గారూ అన్నాను. తాలింపు మాడిపోయింది.